హొగెనకల్లుకు పీట మోసిన రోజు

మా ఇంట్లో మగవాళ్ళు నేల మీద కూర్చోరు. ఇది నేను పెట్టిన నియమం కాదు, మా తాత కాలానికి ముందునుంచీ ఉండేదే. తొమ్మిది ఊళ్ళ మీద పెత్తనం చేసిన ఇల్లు మాది. ఇంటి పెద్ద యాడికి పోయినా ముందు ఆయన పీట పోయేది, వెనక ఆయన పోయేవాడు. ఆయన పీట మీద కూర్చున్నాకే ఊరివాళ్ళు చాప మీద కూర్చునేవాళ్ళు. ఎత్తు జానెడు కూడా ఉండదు. కానీ మా గౌరవమంతా ఆ జానెడులోనే ఉండేది.

నా కాలానికి తొమ్మిది ఊళ్ళూ పోయినాయి. ఎట్ల పోయినాయో ఇక్కడ రాయను. రాస్తే కొందరి మనవళ్ళు బాధపడతారు, వాళ్ళలో నేనొకణ్ణి. మిగిలింది హోసూరులో రెండు గదుల బాడుగ ఇల్లు, ఒక కంపెనీలో స్టోర్సు చూసే ఉద్యోగం, ఇత్తడి పువ్వులు కొట్టిన పనసచెక్క పీట. స్టోర్సులో నేను కుర్చీలో నిటారుగా కూర్చునేవాణ్ణి. నట్లు, బోల్టులు కావాల్సినవాళ్ళు ఎదురుగా నిలబడి అడిగేవాళ్ళు. ఆ విధంగా చూస్తే మా ఇంటికి పెద్ద తేడా ఏమీ రాలేదు.

తొంభైల చివరి ఏళ్ళ మాట ఇది. మా వీధి మొనలో ఫ్యాన్సీ అంగడి పెట్టుకున్న ఒకతను ఆదివారాలు వ్యాను మాట్లాడి జనాన్ని హొగెనకల్లుకు తీసుకుపోయి, సాయంత్రానికి తీసుకువచ్చేవాడు. కావేరి ఆడ నిలువు రాళ్ళ మధ్య ఇరుకు లోయలో దూరి పోతుంది. ఆ లోయలోకి పుట్టి పడవ ఎక్కి పోతేనే చూసినట్టు. నా భార్యకు ఆ ఆశ పెళ్ళికి ముందునుంచే ఉండేది. ఆమెది మత్తూరు పక్క సేద్యగాళ్ళ ఇల్లు. చిన్నప్పుడు ఒకసారి వాళ్ళ నాయన తీసుకుపోయినాడంట. ఆ రోజు నీళ్ళు ఎక్కువగా వస్తా ఉంటే పుట్టీలు ఆపేసినారంట. గట్టు మీదనుంచే చూసి తిరిగి వచ్చేసినారు. "లోపల ఎట్ల ఉంటాదో" అని పద్దెనిమిదేళ్ళు నన్ను అడుగుతా వచ్చింది. "తగిన బండి దొరికినప్పుడు పోదాం" అని పద్దెనిమిదేళ్ళు నేను చెబుతా వచ్చినాను.

ఒకరోజు ఆమె మార్కెట్టునుంచి వచ్చి సంచి దించుతా, "ఫ్యాన్సీ అంగట్లో పేర్లు ఇచ్చి వచ్చినాను," అనింది. "వచ్చే ఆదివారం. మీరు వస్తే ఇద్దరం. రాకపోతే నేనొక్కతే."

"ఆ వ్యానులో ఎవరెవరు వస్తా ఉండారు?" అని అడిగినాను.

"మనుషులు," అనింది.

వస్తానన్నాను. పీట కూడా వస్తుందన్నాను. ఆమె పీటకు చుట్టడానికి ఒక పాత దుప్పటి తెచ్చి ఇచ్చింది. మోయడానికి మనిషి లేడు కాబట్టి నేనే మోసినాను. ముందు పీట, వెనక పెద్ద అనే క్రమం మాత్రం తప్పలేదు. ఛాతీకి ఆనించి పట్టుకున్నాను కదా.

ఆదివారం తెల్లవారేసరికి వ్యాను దగ్గరికి చేరినాము. ఫ్యాన్సీ అంగడి అతనే ఆ రోజుకు గైడు. ఒక చేతిలో ఎర్ర తువ్వాలు కట్టిన కర్ర, మెడలో ఈల, నెత్తిన టోపీ. అందరికీ నంబరు రాసిన అట్టముక్కలు ఇచ్చి చొక్కాకు పిన్నీసుతో పెట్టుకోమన్నాడు. నా భార్యది పదహారు. నాది పదిహేడు.

"ఇది తిరగబడింది," అన్నాను.

"ఏమి తిరగబడింది సార్?"

"ఇంటి పెద్ద ముందు, ఇల్లాలు తరవాత."

"ముందు పేరు ఇచ్చింది అక్క గదా సార్. ఎవురు ముందిస్తే వాళ్ళే ముందు."

ఇక లాభం లేదని, "మా తాత పేరు విన్నావా నువ్వు?" అని అడిగినాను.

అతను చేతిలోని కాగితం కిందనుంచి పైదాకా చూసినాడు. "ఆయన కూడా వస్తాడా? సీటు లేదే సార్."

నేను వ్యాను ఎక్కి కూర్చున్నాను. పీటను ఒళ్ళో పెట్టుకున్నాను. కిటికీ పక్క నా భార్య, ఈ పక్క సూళగిరి బెల్లం వ్యాపారి ఒకాయన. పద్దెనిమిదో నంబరు, ఒకటిన్నర సీటు మనిషి. మిగిలిన సగం సీటులో నేను నిటారుగా కూర్చున్నాను.

గైడు మైకు పట్టుకున్నాడు. క్యాసెట్టు ప్లేయరుకు తగిలించిన మైకు అది, అతని మాటల వెనక ఏదో పాట సన్నగా వినిపిస్తానే ఉండింది. కృష్ణగిరి దగ్గరపడినాక కొండ కనిపించింది. "కుడి పక్క కొండ," అన్నాడు. "కొండ మీద కోట. కోటలో ఏమీ లేదు. తరవాత టిఫిను."

ఒక కోటను గురించి చెప్పే పద్ధతా అది! నన్ను అడిగి ఉంటే అరగంట చెప్పేవాణ్ణి. కృష్ణగిరిలో ఇడ్లీలు తిని మళ్ళీ వ్యాను ఎక్కినాక, మా ముత్తాత ఆ కొండ కిందుగా గుర్రం మీద పోయిన సంగతి మొదలుపెట్టి బెల్లం వ్యాపారికి చెప్పబోయినాను. మా ముత్తాత ఇంకా గుర్రం ఎక్కకముందే ఆయన నిద్రపోయినాడు. నా భుజం మీదే తల వాల్చినాడు. ధర్మపురి దాటి, పెన్నాగరం దాటి, ఘాటు రోడ్డు దిగేదాకా ఆ తల ఆడే ఉండింది. నా భార్య మాత్రం కిటికీనుంచి ముఖం తిప్పలేదు.

హొగెనకల్లులో దిగీదిగకముందే నూనె మర్దన చేసేవాళ్ళు చుట్టుకున్నారు. వాళ్ళలో ఒక ముసలాయన నా వెనక చేరి, నా నడుమును పైనుంచి కిందికి చూసి, "అయ్యయ్యో సామీ, ఎన్నాళ్ళాయె ఇట్ల పట్టేసి?" అన్నాడు. పట్టేయలేదని, మా వంశంలో అందరమూ ఇట్లే నిలబడతామని చెప్పినాను. "వంశం మొత్తానికా!" అని ఆయన కళ్ళు తుడుచుకున్నంత పని చేసినాడు.

ఈల మోగింది. గైడు ఎర్ర తువ్వాలు ఊపుతా పరుగెత్తి వచ్చినాడు. "అందరూ బిన్నా రావాల, తొందరగా! పైన నీళ్ళు వదిలినారంట. ఇదే కడపటి ట్రిప్పు. దీని తరవాత పుట్టీలు ఆపేస్తారు."

నా భార్య నడిచేది మానేసి పరుగెత్తింది. ఆమె పరుగెత్తగలదని ఆ రోజే తెలిసింది నాకు.

మా వ్యాను జనంలో ఎక్కువమంది అప్పటికే మూడు పుట్టీలలో ఎక్కేసినారు. మేము చేరేసరికి కడపటి పుట్టి ఒక్కటే మిగిలింది. వెదురుతో అల్లి కింద తారు పూసిన పెద్ద గంప లాంటిది. నేను దాని చుట్టూ చూసినాను. ముందు ఏదో, వెనక ఏదో తెలియలేదు.

"దీనికి తల యాడ?" అని పుట్టివాణ్ణి అడిగినాను.

"తలా?"

"పెద్దవాళ్ళు కూర్చునే చోటప్పా."

అతను మంచివాడు. తమిళం, కన్నడం, తెలుగు ఒకే మాటలో కలిపి మాట్లాడేవాడు. పాపం, పుట్టి చుట్టూ కళ్ళు తిప్పి నిజంగానే వెతికినాడు. "గుండ్రం గదా సామీ," అన్నాడు. "మీరు ఈడ కూర్చుంటే ఇదే తల. ఆడ కూర్చుంటే అదే తల."

"సరే. అయితే పీట ఈడ వేయి."

దుప్పటి విప్పినాను. అతను పీటను చూసి, నన్ను చూసి, చెయ్యి అడ్డం పెట్టినాడు. "పీట ఆగదు సామీ. ఎత్తులో కూర్చుంటే బోల్తా పడుతుంది. అందరూ అడుగునే కూర్చోవాల. కలెక్టరు వచ్చినా అడుగునే."

"కలెక్టరు ఎవరైనా కావచ్చు," అన్నాను. "పరీక్ష రాస్తే చాలు."

ఈ మాటలు జరుగుతా ఉండగానే నా భార్య చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పుట్టిలో దిగి కూర్చునింది. "మీరు పీట వేసుకుని గట్టున కూర్చోండి," అనింది. "నేను చూసివచ్చి చెబుతాను, ఎట్ల ఉండేది."

ఇది న్యాయంగానే తోచింది నాకు. పీట వేయడానికి చదునైన చోటు వెతకబోయినాను. ఇంతలో మా వ్యానులోనే వచ్చిన ఒక కొత్త జంట ఎక్కింది. ఇద్దరినీ కలిపినా ఒక మనిషి బరువు ఉండరు. తరవాత బెల్లం వ్యాపారి ఎక్కినాడు. పుట్టి ఆయన పక్కకు ఒరిగింది, నా భార్య ఈ పక్కన గాలిలోకి లేచింది.

పుట్టివాడు తెడ్డు కింద పెట్టేసినాడు. "పోదు," అన్నాడు. "ఈ అన్నకు ఎదురుగా గట్టి మనిషి ఒకరు కావాల. లేదంటే అందరూ దిగిపోండి."

"నేను దిగను," అన్నాడు బెల్లం వ్యాపారి. "ఎక్కేదానికే అరగంట పట్టింది."

గైడు నా వైపు చూసినాడు. పుట్టివాడు చూసినాడు. కొత్త జంట చూసినారు. పక్కనుంచి నూనె మర్దన ముసలాయన కూడా చూసినాడు. "పదిహేడూ!" అని గైడు ఈల ఊదినాడు. "ఎక్కు సార్! రేవు గేటు మూస్తా ఉండారు!"

తొమ్మిది ఊళ్ళ పెత్తనం చేసిన ఇంటి వారసుణ్ణి బెల్లం వ్యాపారికి ఎదురు బరువుగా పిలుస్తా ఉండినారు.

నా భార్య మాత్రం నన్ను చూడలేదు. నీళ్ళు రాళ్ళ సందులోకి మలుపు తిరిగే చోటు వైపే చూస్తా ఉండింది. పుట్టి అంచును రెండు చేతులా పట్టుకుని ఉండింది, ఎవరైనా వచ్చి దించేస్తారేమో అన్నట్టు. నన్ను అడిగి ఉంటే నేను ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళుగా చెప్పి చెప్పి జవాబులు నాకు అలవాటే. అడగలేదు.

పీటను గైడు చేతుల్లో పెట్టినాను. "దీని మీద ఎవరూ కూర్చోకూడదు," అని గట్టిగా చెప్పినాను. చెప్పులు విడిచి పుట్టిలో దిగి, బెల్లం వ్యాపారి మోకాళ్ళకు నా మోకాళ్ళు తగిలేటట్టు కూర్చున్నాను. వెదురు సందుల్లోనుంచి నీళ్ళు ఊరి పంచె తడిసింది. మా వంశంలో నేల మీద కూర్చున్నవాళ్ళు లేరు. నేల కన్నా కిందికి పోయి కూర్చున్న మొదటివాణ్ణి నేనే. పుట్టి అడుగు నీటిమట్టానికి కింద కదా ఉంటుంది.

"ఇప్పుడు సమం," అన్నాడు పుట్టివాడు తృప్తిగా. తెడ్డు వేసినాడు.

యాభై గజాలు పోయినామో లేదో, వెనక్కి తిరిగి గట్టు వైపు చూసినాను. గైడు పీట మీద కూర్చుని ఉండినాడు. ఆకులో వేయించిన చేప పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని, తింటా ఉండినాడు.

"లేయ్!" అని అరుస్తా నేను లేచినాను.

తరవాత ఏమి జరిగిందో పూర్తిగా చెప్పలేను. పుట్టి ఒక పక్కకు ఒరిగింది, బెల్లం వ్యాపారి నా మీదికి వచ్చినాడు, కొత్త పెళ్ళికూతురు కేక పెట్టింది. "కూర్చోప్పా తండ్రీ! నాకు ఈత రాదు!" అని బెల్లం వ్యాపారి నా పంచె పట్టుకున్నాడు. "కూర్చో సామీ, కూర్చో!" అని పుట్టివాడు. అందరికన్నా నెమ్మదిగా మాట్లాడింది నా భార్య. "కూర్చుంటే కూర్చోండి," అనింది. "లేదంటే దూకేయండి. మధ్యలో మాత్రం నిలబడొద్దు."

కూర్చున్నాను. గట్టు మీద గైడు మాకు చేప ఉన్న చేత్తో టాటా చెప్పినాడు.

అప్పుడే మలుపు తిరిగినాము. అరుపులన్నీ ఆగిపోయినాయి. రెండు పక్కలా రాయి నిలువుగా లేచి ఆకాశాన్ని సన్నటి పట్టీ చేసేసింది. నీళ్ళు ఆకుపచ్చగా, చప్పుడు లేకుండా పోతా ఉండినాయి. ముందు యాడో జలపాతం మోత, దాని తుంపర పొగలాగా తేలి వచ్చి ముఖాలకు తగిలింది. నా భార్య చెయ్యి చాపి రాతిగోడను తాకింది. పుట్టి కదిలే కొద్దీ ఆమె వేళ్ళు ఆ రాతిని రాసుకుంటా పోయినాయి. నేను మా ముత్తాత సంగతి ఎత్తలేదు.

లోయ కొంచెం వెడల్పైన చోట పుట్టివాడు తెడ్డు ఆపినాడు. "తిప్పేదా?" అని అడిగినాడు. "గిరగిరా తిప్పుతాను. కానీ అందరూ సరే అనాల. ఒక్కరు వద్దన్నా తిప్పను. పోయిన వారం ఒకాయన పెద్ద రచ్చ చేసినాడు."

"తిప్పన్నా," అన్నారు కొత్త జంట.

బెల్లం వ్యాపారి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "చూడకుంటే ఏమీ కాదు. కానివ్వు," అన్నాడు.

నా భార్య సరే అనలేదు, వద్దనలేదు. నా వైపు చూసింది. మిగిలినవాళ్ళు కూడా నా వైపే చూసినారు. బెల్లం వ్యాపారి కూడా ఒక కన్ను తెరిచి చూసినాడు. పొద్దుటినుంచి నా మాట కోసం ఎవరైనా ఆగింది అదే మొదటిసారి. అట్లాంటి చోట తొందరపడకూడదు. గొంతు సవరించుకున్నాను. ఎడమ పక్క గోడ చూసినాను, కుడి పక్క గోడ చూసినాను, నీటి లోతు ఎంత ఉంటుందని పుట్టివాణ్ణి అడిగి తెలుసుకున్నాను.

"తిప్పు," అన్నాను.

తిప్పినాడు. రాళ్ళు, ఆకాశం, బెల్లం వ్యాపారి, మళ్ళీ రాళ్ళు. ఎవరు తలలో ఉన్నారో, ఎవరు తోకలో ఉన్నారో చూసే వీలు లేకపోయింది. నా భార్య నవ్వింది. మా ఇంటి కోడళ్ళు పెద్దల ఎదుట గట్టిగా నవ్వరు. ఆమె రెండు గోడలకూ తగిలి తిరిగి వచ్చేటంత గట్టిగా నవ్వింది. నవ్వుతా నా భుజం పట్టుకుంది, పట్టుకుని ఇంకా నవ్వింది.

పుట్టి నిలబడింది. లోయ మాత్రం ఇంకా కొంతసేపు తిరిగింది నాకు.

"ఇంకొకసారి?" అనింది ఆమె. పుట్టివాణ్ణి కాదు, నన్ను అడిగింది. కొప్పు జారిపోయి ఉండింది, ముఖమంతా నీళ్ళు.

కృష్ణగిరి ఇడ్లీలు అప్పటికి గొంతుదాకా వచ్చి ఉండినాయి. నోరు తెరిస్తే ఏమి జరుగుతుందో తెలుసు కాబట్టి పెదవులు బిగించి, నడుము నిటారుగా పెట్టి, చెయ్యి మాత్రం పైకెత్తి, ఇంకొకసారి తిప్పమని పుట్టివాడికి సెలవిచ్చినాను.