ఘాటు రాని రౌండు

పోయిన వారం మా మనవరాలు కొత్తగా కొన్న కరెంటు కారులో నన్ను ఇక్కడే, ఇర్వింగ్‌లో, ఇండియన్ గ్రోసరీకి తీసుకెళ్ళింది. సామాన్ల బండి తోసుకొచ్చి, డిక్కీ ఎప్పుడు తీస్తుందా అని నేను కారు వెనక నిలబడి ఉంటే, అది ఫోను మీద వేలు ఆనించి ముందువైపు బానెట్టు తెరిచింది. జన్మంతా ఇంజను చూడ్డానికి అలవాటు పడ్డ చోట బియ్యం బస్తా, మినప్పప్పు, ఎండుమిరపకాయల సంచీ సర్దేస్తుంటే, కడుపు కోసి చూస్తే లోపల పేగులు కనబడని డాక్టరులా బిక్కమొహం వేశాను. "ఇక్కడ ఇంజన్ ఉండదు తాతయ్యా. జస్ట్ స్పేస్," అంది, నా అజ్ఞానాన్ని క్షమిస్తూ. సంచీ ఎక్కడ చిరిగిందో ఏమో, దారిలో టెక్సస్ ఎండకు వేడెక్కిన ఆ ఖాళీలోంచి మిరపకాయల ఘాటు ఏసీ గుండా సన్నగా లోపలికొచ్చింది. నేను దగ్గాను. దగ్గి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాను.

ఆ అలవాటు ఎనభయ్యో దశకం మొదట్లో పట్టుకున్నది. ఆ రోజుల్లో ఈ దేశం వచ్చినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఎండుమిరపకాయలంటే కొట్లో కొనుక్కునేవి కావు, ఇండియా నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో పచ్చడి జాడీల పక్కన దిగుమతయ్యేవి. మా ఇంటికి అవి మా అత్తగారితో వచ్చాయి, మా ఆవిడ మొదటి కాన్పుకి. నేనప్పుడు వాననీళ్ళ కాలువలకు డ్రాయింగులు గీసే ఒక ఆఫీసులో పనిచేస్తుండేవాణ్ణి. ఊరి నీళ్ళన్నీ సవ్యంగా పారించగలిగాను కాని, డ్రైవింగ్ టెస్టు మాత్రం రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష పెట్టినాయన జాలి మీద గట్టెక్కాను. అటువంటివాణ్ణి కారు పందెంలో జెండా పట్టుకోవడానికి పిలిచిన మహానుభావుడు మా ఆఫీసు పెద్దాయన.

పెద్దాయనకు ఇంటి వెనక షెడ్డులో ఒక పాత రేసు కారు ఉండేది. అప్పటికి ఇరవయ్యేళ్ళ కిందట, ఇంజన్లు ముందునుంచి డ్రైవరు వీపు వెనక్కి మారుతున్న కొత్తరోజుల్లో తయారైనది. ఎద్దుల్ని బండి వెనక కట్టినట్టుందని అప్పట్లో చాలామంది నవ్వారట. నోరు ముందుకీ బుద్ధి వెనక్కీ ఉన్నవాణ్ణి కనుక ఆ ఏర్పాటు నాకు వింతగా తోచలేదు. అది ఆయన అన్నగారి కారు. అన్నగారు దాంతోనే మరో ఊరి వీధుల్లో జరిగిన పందెంలో అందరికంటే ముందుండి, ఆఖరి రౌండులో గోడకు గుద్దుకుని పోయాడు. ఆ తుక్కును తమ్ముడు ఏళ్ళ తరబడి శనివారాలు కూర్చుని మళ్ళీ కారుగా నిలబెట్టాడు. ఆయన కోరిక ఒక్కటే: ఆ కారు ఒక్కసారైనా ముగింపు గీత దాటాలి. ఆయన భార్య, ఆ కారు పేరెత్తితేనే గదిలోంచి లేచిపోయే మనిషి, చివరికి ఒక్క పందేనికి ఒప్పుకుంది. దాటినా దాటకపోయినా తరవాత దాన్ని అమ్మెయ్యాలని షరతు. ఆ వేసవిలోనే పక్కనున్న పెద్ద ఊరి డౌన్‌టౌన్ వీధులకు సిమెంటు గోడలు కట్టి పందేలు పెడుతూ, పాత కార్లకూ ఒక పందెం ఉందన్నారు.

పందేనికి ముందురోజు మా ఆవిడకీ అత్తగారికీ పసిపిల్లతో సహా గాలి మార్పు చూపిద్దామని పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడ పాతకాలపు మనిషి, అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. పక్క సీట్లో కూర్చున్నా నాకు చెప్పాల్సింది కూతురి ద్వారానే చెప్పేది. షెడ్డులో కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "అమ్మాయీ, మీ ఆయన్నడుగు, మొహం ఇటుంటే గుండె అటుందేమిటే దీనికి?" అంది. అన్నగారి సంగతి విన్నాక ఇక ఆగలేదు. "అంత దిష్టి తిన్న బండిని ఉత్తినే ఎలా పంపిస్తారే? దిష్టి తీస్తానని చెప్పు."

ఇక్కడొక చిక్కుంది. అంతకు పదిరోజుల ముందు పసిదానికి దిష్టి తీసి, ఆ మిరపకాయలు కరెంటు పొయ్యి మీద కాల్చబోతే, పొగకు గంట మోగి, అపార్ట్‌మెంట్లలోని జనమంతా పచ్చిక మీదకు వచ్చి, ఫైరింజను దిగి, లేని దిష్టి కూడా తగిలింది. అందుకని ఆవిడ ఈసారి వేరే ఉపాయం ఆలోచించింది. మిరపకాయలూ రాళ్ళుప్పూ కలిపి కారు చుట్టూ తిప్పి, గుడ్డలో మూటకట్టి, "గుండె ఎటుంటే దిష్టీ అటే తగుల్తుంది. వెనకాల ఆ పొగగొట్టం పక్కన కట్టమను, అదే కాలుతుంది. ఘాటొచ్చి అందరూ దగ్గారా, భయం లేదు. ఘాటు రాలేదా, దిష్టి ఉన్నట్టు," అంది. ఆవిడ మాట కూతురికి, కూతురి మాట నాకు, నా ఇంగ్లీషు పెద్దాయనకు చేరేసరికి ఎంత మిగిలిందో తెలియదు. ఆయన మాత్రం మందుచీటీ విన్నట్టు శ్రద్ధగా విన్నాడు. మర్నాడు కారు తనిఖీ అయిపోయాక, తన చేత్తోనే తీగ చుట్టి మూట కట్టుకున్నాడు.

నాకిచ్చింది పసుపు జెండా. పసుపుకుంకాల దేశం నుంచి వచ్చినవాణ్ణని కాదు, ప్రమాదం ఉంటే ఊపేది అదేనట. రెండు ఎత్తయిన మేడల మధ్య మలుపులో నా చోటు. కార్లు కళ్ళకు కనబడేది మీదికొచ్చాకే కనుక, చెవులతోనే చూడాలని నాకు జోడీగా ఉన్న రిటైర్డు టీచరమ్మ చెప్పింది. ఎండకు రోడ్డు తారు అప్పడంలా పొంగి పెచ్చులు లేస్తోంది. ఒక్కో కారూ గోడలకు రాసుకుని పక్కకు చేరిపోతోంది. మా పెద్దాయన కారు గొంతు మొదటి రౌండులోనే గుర్తుపట్టేశాను: ఇత్తడి బిందెలో కందిరీగల తుట్టె పడేసి మూతపెట్టిన మోత, మలుపులో గేరు దించినప్పుడు రెండు పొడిదగ్గులు. అది దగ్గి వెళ్ళిన మరుక్షణం మేం దగ్గేవాళ్ళం. హే భగవాన్ లాంటిదేదో ఇంగ్లీషులో అని, "దేంతో నడుపుతున్నాడు ఇతను కారు?" అంది టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. ప్రతి రౌండులోనూ ఘాటు వచ్చింది. ప్రతి రౌండులోనూ హాయిగా దగ్గాను. ఇంజను ముందున్న ఒక ఎర్ర కారు ఆయన్ని అంటిపెట్టుకునే ఉంది, కాని ముందు మాత్రం మావాడే.

ఆఖరి రౌండులో అదే మోత వచ్చింది. బిందెలో కందిరీగలు, మలుపు దగ్గర రెండు పొడిదగ్గులు. తలెత్తి చూస్తే రోడ్డు ఖాళీ. తారు మీద ఎండ ఆవిర్లు తప్ప ఏమీ లేదు. ఆ మోత నా ఎడమ చెవిలోంచి కుడి చెవిలోకి మారి, నా ముందునుంచే తిన్నటి వీధిలోకి తిరిగి, ముగింపు గీత వైపు సన్నబడుతూ వెళ్ళిపోయింది. ఘాటు రాలేదు. టీచరమ్మ నా మోచెయ్యి పట్టి కుదిపింది. "మీవాడు రాలేదు. జెండా ఊపు."

ఎర్ర కారు వచ్చింది, వెళ్ళింది, దానికే గెలుపు గళ్ళజెండా పడింది. తరవాత ఆ వీధుల్లో పడిన నిశ్శబ్దం నా వీపు మీద ఇప్పటికీ ఉంది. ఎంతసేపో తెలియదు. మలుపులోంచి ముందు కారు ముక్కు కనబడింది, చప్పుడు లేకుండా. వెనక ఇంజను, ఆ ఇంజను వెనక వంగి తోసుకొస్తూ పెద్దాయన. హెల్మెట్టు లేదు, చేతులు కమిలిపోయాయి. ఇంకొకళ్ళు చెయ్యి వేస్తే దాటినట్టు కాదని నియమం. నేను జెండా పట్టుకుని నిలబడ్డాను. గీత కనుచూపు దూరంలోనే ఉంది. ఆయన నా దగ్గరకొచ్చి ఆగాడు. మూటలో సగం మిరపకాయలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"వెనక వీధిలోనే ఇంజను ఆగిపోయింది," అన్నాడు ఆయాసంతో. "ఆగాక, నన్ను దాటి ఒకటి వెళ్ళింది. నువ్వు విన్నావా?"

తల ఊపాను.

"ఎటు వెళ్ళింది?"

జెండాతో గీత వైపు చూపించాను. ఆయన అటు చాలాసేపు చూశాడు. "అయితే ఇంక నేను తొయ్యక్కర్లేదు," అని గోడవారన పేర్చిన టైర్ల మీద కూర్చున్నాడు. ఆయన భార్య ఆ వీధంతా నడిచి వచ్చి, ఆయన అరచేతుల్ని కర్చీఫుతో తుడిచింది. ఇద్దరూ కలిసి కారును తోశారు, గీత వైపు కాదు, పక్కనున్న సందులోకి. ఫలితాల పలక మీద ఆయన పేరుకెదురుగా పూర్తి చేయలేదని రాశారు. ఆ నెలలోనే కారు అమ్మేశారు. మళ్ళీ ఆ సంగతి మేమిద్దరం ఎత్తలేదు, ఆయన పోయేదాకా.

మేడల మధ్య ప్రతిధ్వని అనీ, ఎండదెబ్బ అనీ నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నీళ్ళ వాలు లెక్కకట్టే చదువు నాది. ఆ మోత ఏ వాలున పారివచ్చిందో మాత్రం లెక్క తేలలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అంతా చెబితే, మా అత్తగారు పసిదాన్ని ఊపుతూ, మొట్టమొదటిసారి నా మొహం చూసి నాతోనే మాట్లాడింది. "ఘాటు రాలేదంటే, ఉన్న దిష్టంతా ఆ పోయిన అన్నగారే మూటకట్టుకు పోయాడన్నమాట. తమ్ముణ్ణి గోడ దాకా రానివ్వలేదు. మంచిదే నాయనా."

ఆ పసిదాని కూతురే ఇప్పుడు నన్ను తిప్పుతున్న మనవరాలు. సిగ్నల్ దగ్గర కారు ఆగితే అడిగింది, "ఎవరి కోసం చూస్తున్నావ్ తాతయ్యా, వెనక ఎవరూ లేరు కదా?" అని. నిజమే, ఎవరూ లేరు. పక్కన రెండు కార్లు వచ్చి ఆగాయి, పచ్చదీపం పడగానే వెళ్ళిపోయాయి. ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు పోయాయో నా చెవులకు అందలేదు. ముసలిచెవుల తప్పూ కొంత ఉందిలెండి. కాని ఆ రోజుల్లో రానివాళ్ళు కూడా వినిపించేవారు. ఇప్పుడు పక్కనుంచి వెళ్ళేవాళ్ళు కూడా వినిపించడం లేదు.