వదిన చెవి

సాయంత్రం దీపపు కుందిలో నూనె పోస్తున్నాను. హైవే మీద ఫ్లైఓవర్ ఎక్కుతున్న ఓ లారీ చప్పుడు గోపాలపట్నంలో మా ఇంటి కిటికీ దాకా వచ్చింది. ఎక్కలేక ఎక్కుతోంది. జలుబు చేసి ముక్కులు మూసుకుపోయిన మనిషి మెట్లెక్కుతున్నట్టు, మధ్యలో సన్నగా ఒక ఊళ. నూనె గిన్నె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. దీనికి ఊపిరాడటం లేదు, అనుకున్నాను. అనుకున్నది నేనే గాని ఆ మాట నాది కాదు. మా సన్యాసమ్మ వదినది.

వదిన అంటే మావారి అక్క. ఆటోనగర్‌లో మా మావగారు పెట్టిన లారీ ఇంజన్ల షెడ్డులోనే పెరిగింది. భర్త పోయాక మళ్ళీ ఆ షెడ్డుకే వచ్చేసింది. చీర మీద వాళ్ళ నాన్న ఖాకీ చొక్కా తొడుక్కుని, ఇనప స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతి డ్రైవర్నీ ఏదో ఒకటి అనకుండా వదిలేది కాదు. ఇంజను చప్పుడు వినడం నాకు నేర్పింది ఆవిడే. రోజూ దేవుడి ముందు కృతజ్ఞతలు చెప్పుకునేటప్పుడు ఆవిడ పేరు మరిచిపోను. అయినా ఆవిడంటే నాకు అసూయ. ఉండేది అని రాయబోయి ఆగాను. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా అది ఇంకా ఉంది.

నాది గోదావరి పక్క ఊరు. బడికి వెళ్ళలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. ఆవిడ చదివేది, నేను విని అప్పజెప్పేదాన్ని. పెళ్ళయి విశాఖ వచ్చాక షెడ్డులో సామాన్ల గది నా వంతుకొచ్చింది. వాషర్లూ గాస్కెట్లూ అడిగినవాళ్ళకి అందించడం, పాత చీరలు చింపి గుడ్డలు చెయ్యడం నా పని. ఆ గదిలో కూర్చుంటే పొద్దస్తమానం మావారి పిలుపు ఒకటే వినిపించేది. "అప్పా! ఓపాలి రాయే!" ఇటువైపు అక్కని అప్ప అంటారు.

ఒక మధ్యాహ్నం ఆ గదిలోనే, ఆయనకి ఇష్టమని పొద్దున్నే లేచి వండిన పనసపొట్టు కూర వడ్డిస్తున్నాను. బయట ఎవరో లారీ స్టార్ట్ చేశారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న మనిషి ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళారు. "అప్పా, ఇన్నావేటి?" వదిన పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్ళు మూసుకుంది. ఆయన ఊపిరి బిగబట్టి ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. అలాంటి చూపు నావైపు ఎప్పుడైనా చూశారా అని వెతుక్కున్నాను. కూర చల్లారిపోయింది. ఒక్కసారంటే ఒక్కసారి ఆ పిలుపు నా గదివైపు రావాలని ఆరోజు సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను.

షెడ్డులో వదిన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఇంజను విప్పితే దుమ్ము పడకుండా ప్రతి గొట్టంలోనూ ఎర్రగుడ్డే కుక్కాలి. బిగించేటప్పుడు తీసిన గుడ్డని గోడ మీది తీగకి తగిలించాలి. గుడ్డలన్నీ తీగ మీదకి చేరేదాకా బండి తాళం తిప్పకూడదు. నా ఎర్రచీరలన్నీ ఆ తీగ మీదే వేలాడాయి.

పోర్టు నుంచి బొగ్గు తోలే అప్పలనాయుడు గారి లారీకి ఆ ఏడాది ఇంజను పూర్తిగా విప్పి, సిలిండర్లు బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేశాం. స్టార్ట్ చేసేరోజు ఆయన కొబ్బరికాయతో, నిమ్మకాయలతో వచ్చారు. చేతిలో పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ వేసి కట్టిన ముడుపు. ఇంజను విప్పినరోజే అప్పన్నకి కట్టారట. బండి బాగా తిరిగితే కొండకి తీసుకెళ్ళి సమర్పిస్తారు. దాన్ని ఆయన కళ్ళకద్దుకున్న తీరు చూసి నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

మొదటి లోడుకి వెళ్ళిన లారీ ఆ లోడుతోనే తిరిగొచ్చింది.

"ఏటి బావా ఇది?" దిగీ దిగకుండానే అప్పలనాయుడు గారు మావారి మీద విరుచుకుపడ్డారు. "ఆగి ఉంటే టకటకమంటంది, ఎగుడొత్తే లాగదు. ఫ్లైఓవర్ మీద ఆటోలోల్లు కూడా నన్ను దాటుకుని నవ్వుకుంటా పోయారు!"

టకటకమంటే ఎవరైనా ముందు అనుమానించేది వాల్వుల మీది టాపెట్లనే. మావారు అవి సరిచూశారు. డీజిలు పంపు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి, టకటక మాత్రం పోలేదు. చివరికి చెమట తుడుచుకుని, "మళ్ళీ విప్పాల బావా," అన్నారు.

"విప్పితే నీ కాడ విప్పను. రేపు పొద్దున్నే ఏరే షెడ్డుకి తోలేత్తాను."

మేం కట్టిన ఇంజను ఇంకో షెడ్డులో విప్పారంటే ఆటోనగర్‌లో మా గుమ్మం ఎవరు తొక్కుతారు? మావారి మొహం పాలిపోయింది. పాలిపోయిన ఆ మొహం తిరిగింది అక్కవైపే.

వదిన అప్పటికే స్క్రూడ్రైవర్ అన్నిచోట్లా ఆనించి చూసింది. "ఇంజన్లో నేదురా. లోడుతో ఎగుడెక్కేటప్పుడు ఇనాల."

"పద అప్పా, నాను వత్తాను."

"నువ్వొద్దు. నీ బుర్రలో టాపెట్ కూకుంది, నీకదే ఇనపడతాది. ఏటీ తెలీని సెవి కావాల నాకు. ఓలమ్మీ, గోదారి పిల్లా! బేగి వచ్చి బండెక్కు."

ఏమీ తెలియని చెవి! మాట గుచ్చుకుంది. అయినా ఎక్కాను.

అప్పలనాయుడు గారు నడుపుతుంటే ఆయనకీ నాకూ మధ్య వదిన కూర్చుంది. "కళ్ళు మూసుకో. ఏటినపడతంది?"

"టకటకా అంటోంది వదినా. రేకు డబ్బా మీద చింతపిక్క కొట్టినట్టు."

"బాగుంది. ఇప్పుడు ఎక్కుతాది. ఇను."

ఫ్లైఓవర్ మొదలైంది. లారీ బరువుగా మూలిగింది. టకటక ఒక్కసారిగా ఆగిపోయి, దాని చోట సన్నటి ఊళ మొదలైంది. సీటు కింద బండి నీరసించిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. "ఆగిపోయింది వదినా, ఆ చప్పుడు!"

"అదీ!" నా తొడ మీద ఒక్కటి చరిచింది. "ఇనుముకి ఇనుము తగిలితే బరువెక్కేకొద్దీ సప్పుడు పెరగాల. ఇది నోరు మూసుకుంది. అద్దంలో సూడు, నల్లపొగ. దీనికి ఊపిరాడతం నేదు."

"ఎర్రగుడ్డ గాని లోపల ఉండిపోయిందా?"

"తీగ మీదున్నాయి అన్నీ. నానే సూసేను."

కళ్ళు తెరిచాను. ఎదురుగా అప్పన్న ఫొటో, దానికి బంతిపూల దండ, పక్కన నిమ్మకాయలు. పసుపు గుడ్డ మాత్రం ఎక్కడా లేదు. అంత భక్తిగా కళ్ళకద్దుకున్న ముడుపుని ఎవరైనా స్వామి ఫొటో దగ్గరే పెడతారు. లేదంటే, మొక్కు దేనికోసమో దాని దగ్గరే ఉంచుతారు.

"అన్నయ్యగారూ, ఆ ముడుపేదండీ?"

"బండికే కట్టాను సెల్లెమ్మా," అన్నారాయన గర్వంగా. "ఇంజనుకి మొక్కుకున్నది ఇంజను కాడే ఉండాల గదా! గాలి పీల్చే గొట్టం మూతిలో దోపేను. పీల్చే ఊపిరల్లా సామి మీంచే ఎల్తాదని."

"ఓరి నీ బత్తి మండిపోను! ఆపు బండి!"

ఫ్లైఓవర్ దిగాక లారీ పక్కకి ఆపించి, వదిన మెట్టెక్కి గొట్టంలో భుజం దాకా చెయ్యి పెట్టింది. ఒక పీలికలా సాగిపోయిన పసుపు గుడ్డ బయటికొచ్చింది. బిళ్ళ ఉన్న ముడి ఇంకా కొసనే ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ ముడి గాలికి ఊగి గొట్టం రేకుని కొట్టేది. ఎగువ ఎక్కేటప్పుడు గుడ్డంతా లోపలికి లాక్కుపోయి దారి మూసేసేది. అప్పలనాయుడు గారు లెంపలేసుకుని దాన్ని మళ్ళీ కళ్ళకద్దుకున్నారు. వెనక్కి వచ్చేటప్పుడు అదే లోడుతో అదే ఫ్లైఓవర్ గుర్రంలా ఎక్కేసింది.

షెడ్డు గేటు దగ్గరే మావారు ఎదురొచ్చారు. "దొరికిందా అప్పా! నాకు తెలుసు, నువ్వింటే దొరికిపోతాది!"

"నాను కాదురా. నీ పెళ్ళాం పట్టుకుంది."

"నీకెప్పుడూ ఎటకారమే!" అని నవ్వి, ఆయన లారీవైపు పరిగెత్తారు.

నేను సామాన్ల గదిలోకి వెళ్ళి చీర చింపడం మొదలుపెట్టాను. చింపాల్సిన చీర కాదది. వదిన వచ్చి గుమ్మంలో చతికిలబడి, నేను చింపిన పీలిక అందుకుని చేతులు తుడుచుకుంది.

"నానంటే నీకు కుళ్ళు. నాకు తెల్దనుకున్నావేటి?"

నేను ఇంకో పీలిక చింపాను.

"కుళ్ళుకో, తప్పు నేదు. నా కాడ ఏటుందో అని సెవులు రిక్కించి కూకుంటావు సూడు, ఆ సెవి నాక్కావాల. మెచ్చుకునేవోల్లు తలూపుతారే గాని ఇనరు. రేపట్నించి స్క్రూడ్రైవరు ఒట్టుకో."

పట్టుకున్నాను. కొన ఎక్కడ ఆనించాలో, ఎంత నొక్కాలో నా చేతి మీద తన చెయ్యి వేసి చూపించేది. ఏ చప్పుడుకి భయపడాలో, దేన్ని పట్టించుకోనక్కర్లేదో చెప్పేది. తప్పు చెబితే డ్రైవర్లందరి ముందూ, "గోదారి గట్టు మీద కప్పలనుకున్నావేటే!" అని నవ్వేది. ఆవిడని దాటిపోవాలన్న పంతంతోనే ప్రతి ఇంజనుకీ చెవి ఒగ్గాను. దాటలేదు. స్క్రూడ్రైవర్ నాకిమ్మని ఆవిడ ఎవరితోనూ చెప్పి పోలేదు. మంచాన పడేనాటికి అది నా చేతిలోనే ఉంది, అలాగే ఉండిపోయింది. ఇప్పుడు షెడ్డులో పిలుపు నాకే వస్తుంది. కాకపోతే ఆయన చూపు ముందు ఆ ఇనప స్టూలు దాకా వెళ్ళి, అప్పుడు నా దగ్గరకొస్తుంది.

ఇందాక లారీ ఫ్లైఓవర్ మీద ఉండగానే వరండాలోంచి ఆయన గుమ్మం దాకా వచ్చారు. "ఇన్నావేటి?"

నన్నే. నేను మొక్కుకున్న పిలుపది.

"విన్నాను. ఊపిరాడటం లేదు దానికి."

ఆయన మొహం వెలిగిపోయింది. "అప్ప ఉంటే అదే మాట అనేది!"

నూనె పోయడం పూర్తి చేసి దీపం వెలిగించాను. లారీ ఊళ దూరమైపోయేదాకా విని, అందరికంటే ముందు సన్యాసమ్మ వదిన పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకున్నాను. ఎప్పటిలాగే, పళ్ళు బిగించి.