రెండో బ్రేకు

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. కథ రాయడం మాత్రం ఎవరూ నేర్పకుండానే మొదలుపెట్టారు. అదంతా చెల్లెలి కోసం. ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఈయన ఫోను చేస్తే ఆవిడ ఎత్తదు. కానీ ఒక వారపత్రికలో వచ్చే కథలన్నీ వదలకుండా చదువుతుంది. అందుకని ఆ పత్రికకే పంపుదామని ఈయన ఆశ.

కథలో అన్న వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కూర్చున్నది మొదలు అన్నీ ఫ్లాష్‌బ్యాకులే. చెల్లెలికి జ్వరమొస్తే భుజాన మోసుకెళ్ళాడు, సైకిలు నేర్పాడు, తన వాటా మిఠాయి కూడా ఆమెకే పెట్టాడు. ఎక్కడ చూసినా ఈయన బంగారుకొండే. ఆఖరి ఫ్లాష్‌బ్యాకులో చెల్లెలు కారు నేర్చుకుంటూ గోడను గుద్దేస్తుంది, అన్న ఒక్క మాట అంటాడు, ఆమె అలిగి వెళ్ళిపోతుంది.

చదివేసరికి నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నిసార్లు వెనక్కి వెళ్ళారు కదా, మీ కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు ఎక్కడా కనపడలేదా?" అన్నాను.

నేర్పే కారులో మాస్టారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ రోజు ఈయన కిటికీలోంచి తల బయట పెట్టి ఎవరితోనో బాతాఖానీ వేస్తున్నారు. కాలు బ్రేకు మీద లేదు. బండి గోడకు తగిలాక పదిమంది ముందు, "నీకు ఈ జన్మలో డ్రైవింగు రాదు" అని అరిచారు. వెనక సీట్లో నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"అదీ పెడితే ఫ్లాష్‌బ్యాకు మరీ ఎక్కువై కథ నడవదేమో," అని నసిగారు.

"రివర్సు ఎంత వెయ్యాలో రోజూ చెప్పేది మీరే కదండీ? అవసరమైనంతే, అద్దం చూసుకుంటూ."

రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. మూడో రోజు పొద్దున్నే జ్వరాన్నీ సైకిలునీ మిఠాయినీ కొట్టేసి, ఆ ఒక్క పూటనే రాశారు, బ్రేకుతో సహా. పనిలో పనిగా ఓ వాన కూడా కురిపించారు. పోనీలే అని ఊరుకున్నాను.

కథ అచ్చయిన నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. మా ఆడపడుచు.

"వదినా, అన్నయ్యకివ్వు."

ఫోను ఆయన చేతికిచ్చాను. స్పీకరు నేనే నొక్కాను.

"చెప్పమ్మా," అన్నారు.

"ఆ రోజు వానేం లేదన్నయ్యా. మాడు పగిలే ఎండ."

"మరి... మిగతాది?"

"మిగతాదంతా నిజమే. ఆదివారం వస్తాను, కారు తియ్యి. ఈసారైనా కాలు బ్రేకు మీద పెట్టుకుని కూర్చో."