జూబ్లీహిల్స్‌లో తెగిన కట్ట

హైదరాబాద్‌లో చాలామంది చాలా రకాలుగా పేరు తెచ్చుకున్నారు. నేను మాత్రం నడి వేసవిలో, ఆకాశంలో మబ్బు తునక లేని రోజున, జూబ్లీహిల్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీని వరదలో ముంచి తెచ్చుకున్నాను. ఆ వరదకి ప్రభుత్వ పథకమే కారణమని కొందరన్నారు. అది అన్యాయం. పథకం చాలా మంచిది. దాన్ని నా చేతికివ్వడమే తప్పు.

అప్పటికి నేను ఫిల్మ్‌నగర్‌లో మాటల రచయితని. అంటే పెద్ద రచయితలు రాసిన మాటల్ని గుండ్రటి అక్షరాలతో తిరగరాసి, వాళ్లకి టీలు చెప్పే రచయితని. మధురానగర్‌లో నా గదిలో ఉండేవాళ్లంతా కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని, ఒక్కొక్కడే మెడలో కార్డు వేలాడేసుకుని వెళ్లిపోతున్నారు. వాళ్లకి అద్దె ఇల్లు ఇవ్వడానికి ఓనర్లు పోటీపడేవారు. నన్ను చూసి గేటు మూసేవారు.

ఆ రోజుల్లో వీర్రాజుగారు పిలిచారు. చిన్న చిన్న ప్రకటన చిత్రాలు తీసే నిర్మాత. కాకినాడ మనిషి.

"వ్యవసాయ శాఖ వాళ్లకి ఓ చిన్న సినిమా కావాలంట. రాసి, తీసి పెడతావా?"

"వ్యవసాయం గురించి నాకేమీ తెలీదండీ."

"నాకూ తెలీదయ్యా. అందుకే మనిద్దరికీ గొడవలు రావు."

శాఖ తరఫున వచ్చిన అధికారి పేరు యాదగిరి. నెమ్మదైన మనిషి, నవ్వు మొహం. వీర్రాజుగారి ఆఫీసులో కూర్చుని నాకు విషయమంతా చెప్పాడు. వానలు ఇదివరకులా పడటం లేదు. పడితే ఒక్కసారే కుమ్మరిస్తాయి, లేకపోతే నెలల తరబడి మొహం చూపించవు. రైతులు బోరు మీద బోరు వేసి అప్పుల్లో మునిగిపోతున్నారు. అందుకని ప్రతి చేలో ఒక నీటికుంట తవ్వించాలని, వరి బదులు జొన్న, కంది వేయించాలని, డ్రిప్పు పైపులకి సర్కారే సాయం చేయాలని పథకం వేశారు.

"మరి ఇబ్బందేంటండీ?"

"ఎవ్వరు ముందుకొస్తలేరు. ఉన్న భూమిల గుంత ఎందుకు తవ్వాలె అంటున్నరు. ఈ వానాకాలం లోపల రైతులు రాకపోతే, పైకెంచి వచ్చిన పైసలు పైకే పోతయి. స్కీమ్ మొత్తం బందైతది. నాకు మీ సినిమానే దిక్కు."

ఈ మాట విన్నప్పుడు నేను భయపడాల్సింది. పొంగిపోయాను.

స్క్రిప్టులో పెట్టమని ఆయన చాలా సంగతులు చెప్పాడు. అందులో ఒకటి మత్తడి. కుంట నిండాక ఎక్కువైన నీళ్లు కట్టని తెంచకుండా, పక్కనుంచి బయటికి పోవడానికి వదిలే దారిని మత్తడి అంటారట. నేను మా వైపు కాలవల కింద పుట్టినవాణ్ణి. నీళ్లని వదిలించుకోవడానికి కూడా దారి కట్టాలంటే నాకు నవ్వొచ్చింది.

"సార్, ఆ మత్తడి దగ్గర కథ నడక పడిపోతోందండీ. తీసేద్దాం."

"అది లేకపోతే ఎట్ల?"

"దాని బదులు అక్కడ ఒక అధికారి పాత్ర పెడదాం. కట్ట మీద నిలబడి రైతులకి ధైర్యం చెబుతాడు. చూడ్డానికి మీలా ఉండాలి. అసలు మీరే వేస్తే బావుంటుంది."

యాదగిరిగారు కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు. "కూలింగ్ గ్లాసులు పెట్టుకోవచ్చునా?" అన్నాడు.

మత్తడి అలా ఎగిరిపోయింది. ఇందులో పాపం నా ఒక్కడిదే కాదని పాఠకులు గమనించాలి.

షూటింగుకి ఏదైనా పల్లెకి వెళ్లాల్సింది. కెమెరామన్ బాబ్జీ ఫిల్మ్‌నగర్ నుంచి భోజనానికి వెనక్కి రాలేనంత దూరం రానన్నాడు. దాంతో జూబ్లీహిల్స్‌లో ఏటవాలుగా ఉన్న ఒక ఖాళీ స్థలం చూశాం. అంతా బండరాయి. కుంట తవ్వడానికి గునపం దిగలేదు. రెండు బండల మధ్య లారీలతో ఎర్రమట్టి పోయించి, కట్టలా తీర్చి, పైన గడ్డి అతికించాం. చూడ్డానికి పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టుంది. చుట్టూ నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు పాతాం. అవి కంది మొక్కలు కావని యాదగిరిగారు అన్నాడు గానీ, అప్పటికే కూలింగ్ గ్లాసులు పెట్టుకుని ఉండటం వల్ల పట్టుబట్టలేదు.

ఇక వాన కావాలి. నీటి పొదుపు మీద సినిమాకి ట్యాంకర్లు తెప్పించి, పైపులెత్తి వాన కురిపించాం. ఇందులో ఏదో తేడా ఉందని ఆ రోజు మాలో ఒక్కరికీ తోచలేదు. వాన బ్రహ్మాండంగా కురిసింది. కుంట నిండింది. ఇంకా బాగా నిండాలన్నాను నేను. ఇంకా నిండింది.

యాదగిరిగారు కట్ట ముందు, కొంచెం పక్కగా ఉన్న బండ ఎక్కి నిలబడ్డాడు. నీళ్లు ఆయన వెనక తళతళలాడుతున్నాయి.

"రైతు సోదరులారా," అని మొదలుపెట్టాడు, పుస్తక భాషలో. "ఒక్క వాన నీటిని ఒడిసిపట్టండి. అది మిమ్మల్ని ఎన్నటికీ వదిలిపెట్టదు."

అప్పుడే ఆయన వెనక కట్ట మధ్యలో చిన్న తడి చార కనిపించింది. చార కాస్తా పాయ అయింది. నేను కాలితో మట్టి తొక్కి ఆపుదామని పరిగెత్తాను. నా బరువు పడ్డాక కట్టకి మరి ఆలోచించాల్సిన పని లేకపోయింది. మొత్తం కూలింది. ఎర్రనీళ్లతో, గడ్డితో, నర్సరీ మొక్కలతో కలిసి నేనూ వాలులోకి బయల్దేరాను. ఎడమ చెప్పు నాకంటే ముందు వెళ్లింది.

"నీరు తన దారి తాను వెతుక్కుంటూ మీ ఇంటికే వస్తుంది," అంటున్నాడు యాదగిరిగారు, వెనక్కి తిరగకుండా.

నీరు వెతుక్కున్న ఇంట్లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. అద్దె బంగళా, కింద సెల్లార్‌లో కంప్యూటర్లు. నేను జారుకుంటూ వాళ్ల గేటు దగ్గర ఆగేసరికి, ఇస్త్రీ చొక్కాల కుర్రాళ్లు నెత్తిన కంప్యూటర్ పెట్టెలు పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో వరసగా పైకి వస్తున్నారు. వాళ్లలో ఒకడు మధురానగర్‌లో నా పాత రూమ్మేటు.

"నువ్వేంటిరా ఇక్కడ?" అన్నాడు.

"పని మీద వచ్చాను," అన్నాను.

వాళ్ల మేనేజరు ఆకాశంకేసి చూశాడు. ఎండ ఫెళ్లున కాస్తోంది. "ఎవరు మీరు?"

"వ్యవసాయ శాఖ తరఫున అండీ."

"మేము పన్నులు సరిగ్గానే కడుతున్నాం," అన్నాడు ఆయన.

సాయంత్రం దాకా యూనిట్ అంతా బకెట్లతో నీళ్లు తోడాం. కంప్యూటర్లు బతికాయి. తివాచీలు చచ్చిపోయాయి. వీర్రాజుగారు కొత్తవి కొనిస్తానని ఒప్పుకుని, ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశారు. కుర్చీ మడతపెట్టుకుని వెళ్లిపోతున్న ఆయన వీపు చూసి, నా సినిమా జీవితం అయిపోయిందనుకున్నాను. అంతకన్నా యాదగిరిగారి మొహం చూడటం కష్టమైంది. ఆయన పథకం కూడా ఆ వరదలోనే కొట్టుకుపోయింది కదా.

బాబ్జీ మాత్రం కెమెరా ఆపలేదు. నేను ఆపమనలేదట. ఎలా అంటాను, నోట్లో మట్టి.

మర్నాడు ఆ ముక్క యాదగిరిగారికి చూపించాం. ఆయన రెండోసారి వేయమన్నాడు.

"ఏం కొయ్యకుండ్రి. గిట్లనే ఉంచుండ్రి. చివర్ల ఒక్క ముక్క నేను చెప్త."

ఆ ముక్క ఇది: "మత్తడి పెట్టకుంటే గిట్లయితది."

వ్యానుకి తెరకట్టి ఊరూరా ఆ సినిమా వేశారు. జనం మళ్లీ వేయించుకుని చూశారట. నవ్వి నవ్వి, తర్వాత కుంటల సంగతి అడగడం మొదలుపెట్టారట. పైసలు పైకి పోలేదు.

వానాకాలం చివర్లో యాదగిరిగారు నన్ను మహబూబ్‌నగర్ వైపు ఒక ఊరికి తీసుకెళ్లాడు. బాలమణి అనే రైతు చేను. చాలా రోజుల ఎండ తర్వాత ముందురోజే వాన కుమ్మరించిందట. కుంట నిండుగా ఉంది, మత్తడి మీదనుంచి నీళ్లు పల్చగా, పద్ధతిగా దిగిపోతున్నాయి. చుట్టుపక్కల చేలు ఆ వానకి ముందే ఎండిపోయి ఉంటే ఆమె కంది పచ్చగా ఉంది. చిన్న ఉపన్యాసం ఇద్దామనుకున్నాను. ఈలోగా ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు కట్టతోని కొట్టుకపోయిన సారువే గదా?"

"అవునమ్మా."

"కూసో. రొట్టె తిను. ఇంకో సినిమా తియ్యి సారూ, డ్రిప్పు మీద."

"ఎందుకమ్మా, అంత నచ్చిందా?"

"నచ్చుడు కాదు. ఆ పైపులు నువ్వు బిగియ్యి. ఎట్ల ఖరాబు చేస్తవో చూసి, మేం మంచిగ బిగిచ్చుకుంటం."

యాదగిరిగారు కూలింగ్ గ్లాసులు తీసి తుడుచుకున్నాడు. డ్రిప్పు పథకానికి కూడా ప్రచారం కావాలని అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

ఆ కంది చేను గట్టు మీద, చేతిలో జొన్నరొట్టె పట్టుకుని ప్రమాణం చేశాను: నా కంఠంలో ప్రాణముండగా ప్రభుత్వ పథకాల్లో ఏ గుంటా తవ్వను, ఏ కట్టా పోయను, ఏ పైపూ బిగించను. దేశానికి అంత అవసరం వస్తే, పక్కన నిలబడి చూస్తాను. అదీ ఎత్తైన చోట.