దిబ్బ మీది హైస్కూల్లో మగ టీచర్లు ఎందరు?

2021. కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచిన ఏడాది. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక మండల విద్యాశాఖ కార్యాలయంలో నేను ఎంఐఎస్ కోఆర్డినేటర్‌ని. అంటే మండలంలోని బడుల వివరాలు, పిల్లలు, టీచర్లు, గదులు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే మనిషిని. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా రెన్యువల్ ఆర్డరు వస్తేనే మరుసటి ఏడాది పని. అరసవల్లిలో అద్దె ఇల్లు, భార్య, ఇద్దరు పిల్లలు. ఆర్డరు వచ్చే నెల దగ్గరపడితే నాకు అన్నం సహించేది కాదు.

మా మండలంలో ఉప్పుటేరు నడుమ ఒక దిబ్బ ఉంది. నాలుగు వైపులా నీళ్లు. అందరూ చేపల వేట మీద బతికేవాళ్లే. అక్కడొక చిన్న హైస్కూలు. పడవ తప్ప దారి లేదు. ఆ ఏడాది ఫారం నింపుతూ ఆ బడి పాత ప్రింట్లు తీసి చూశాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరుగురు మగ టీచర్లు, ఇద్దరు ఆడవాళ్లు. తర్వాత మగవాళ్లు ఐదుగురయ్యారు, నలుగురయ్యారు. ఇప్పుడు ఇద్దరు. రిటైరైన వాళ్ల చోటికీ, బదిలీ చేయించుకున్న వాళ్ల చోటికీ కొత్తగా ఎంపికైన అమ్మాయిలు వస్తున్నారు. సీనియర్లు వద్దనుకున్న బడులే కదా జూనియర్లకు మిగిలేది.

ఆ ఇద్దరి వివరాలు సరిచూసుకుందామని ఇన్‌చార్జి హెచ్‌ఎం సుజాత మేడంకి ఫోన్ చేశాను.

"ఇద్దరేటండి? మగ టీచరు ఈ దిబ్బ మీద అడుగెట్టి రెండేళ్లవుతాది," అన్నారావిడ. "ఒకసారి వచ్చి సూసుకోండి. అప్పుడు రాద్దురు గాని."

మర్నాడే వెళ్లాను. హాజరు పట్టీలో లెక్కల మాస్టారు, సైన్సు మాస్టారు పేర్లున్నాయి. సంతకాల చోట ప్రతిరోజూ ఎర్ర సిరాతో ఒకే మాట, డెప్యుటేషన్. అంటే జీతం ఈ బడి పేరు మీద, పని వేరే చోట. పదో తరగతి గదిలో హిందీ టీచరు పార్వతి లెక్కలు చెబుతోంది. బల్ల మీద ఫోన్ ఆనించి ఉంది. వాళ్ల తమ్ముడు పంపిన లెక్క చూసుకుని బోర్డు మీద వేస్తోంది. ఆమెకప్పుడు అయిదో నెల.

"కాగితం మీద ఇద్దరున్నారు కాబట్టి పైవాళ్ల లెక్కలో ఇక్కడ ఖాళీ లేదు. కొత్తోళ్లని ఇవ్వరు," అన్నారు సుజాత మేడం. గొంతు తగ్గించి మళ్లీ అన్నారు. "ఉన్నదున్నట్టు రాస్తే టీచర్లు లేరని బడే ఎత్తేస్తారేమోనని నాకూ బయ్యమే. అప్పుడీ ఆడపిల్లల్ని రోజూ ఏరు దాటించి ఎవులు పంపుతారు?"

సాయంత్రం టీచర్లతో కలిసి తిరిగి వస్తుంటే గాలి లేచింది. పడవలో నీళ్లు పడుతున్నాయి. "కదలకండమ్మా, కూకోండి," అంటున్నాడు పడవ నడిపే ముసలాయన. పార్వతి రెండు చేతులతో బల్ల పట్టుకుని కళ్లు మూసుకుంది. నాకు ఈత రాదు. ఒడ్డు చేరాక ఆమె గట్టు మీద కూలబడి వాంతి చేసుకుంది. మంచినీళ్ల సీసా అందిస్తూ, రేపు సెలవు పెట్టమన్నాను.

"ఎల్లుండి పరీక్షండి పిల్లలకి. రావాలి," అంది.

ఉన్నదున్నట్టు సున్నా వేస్తానంటే మండల విద్యాధికారి, మా ఎంఈవో, ససేమిరా అన్నారు. "జీతం అక్కడే కదా, ఇద్దరని వెయ్యి. సైన్సు మాస్టారు టీచర్ల సంఘం నాయకుడు. నీకెందుకయ్యా?"

ఫారంలో ప్రతి టీచరు పేరు పక్కన 'ప్రస్తుతం పనిచేస్తున్న చోటు' అని ఒక గడి ఉంటుంది. అన్నేళ్లూ దాన్ని తాకకుండా వదిలేసేవాణ్ని. ఈసారి ఆ ఇద్దరికీ నింపాను. బడిలో ఉన్న మగ టీచర్ల సంఖ్య సున్నాకి మారింది. పంపే మీట నొక్కాను.

వారంలోనే సైన్సు మాస్టారు ఫోన్ చేశాడు. "నువ్వేనేటి మా పేర్లు మార్చింది? నీ రెన్యువల్ ఎప్పుడు?" అని మాత్రమే అడిగి పెట్టేశాడు. ఆ నెల ఆర్డరు రాలేదు. మరుసటి నెలా రాలేదు. ఇంట్లో చెప్పలేదు. జిల్లా కార్యాలయం నుంచి వివరణ అడిగారు. హాజరు పట్టీ ఫొటోలు పట్టుకుని వెళ్లాను. అక్కడి అధికారి ఒక్కో పేజీ చూసి, "రెండేళ్లుగానా?" అన్నారు. అవునన్నాను. ఫొటోలు ఫైల్లో పెట్టుకున్నారు.

చివరికి డెప్యుటేషన్లు రెండూ రద్దయ్యాయి. బడి ఎత్తెయ్యలేదు. సైన్సు మాస్టారు వేరే మండలానికి బదిలీ చేయించుకున్నాడు. అప్పుడుగానీ ఆ ఖాళీ పైవాళ్లకు కనబడలేదు. తర్వాతి ఏడాది సైన్సు చెప్పడానికి ఒక అమ్మాయి వచ్చి చేరింది. రెండు నెలలు ఆగిన నా ఆర్డరు కూడా అంతకుముందే, మూడో నెలలో వచ్చింది.

డెప్యుటేషన్ రద్దయ్యాక లెక్కల మాస్టారు మొదటిసారి దిబ్బకు బయల్దేరిన రోజు నేను రేవులో ఉన్నాను. ఆయన కర్ర సాయంతో నడుస్తున్నాడు. పడవాయన, ఇంకొకతను చెరో రెక్క పట్టుకుని ఎక్కించారు.

"మోకాలికి ఆపరేషనయింది బాబూ. పడవెక్కలేకే ఊళ్లో బడికి ఏయించుకున్నాను. నువ్వొక్క ఫోన్ సేసుంటే సెప్పేవోణ్ని కదా," అన్నాడు.

ఆయన చేతిసంచి అందుకుని పడవలో పెట్టాను. ఆయన పదో తరగతి పరీక్షలయ్యేదాకా అలాగే ఎక్కుతూ దిగుతూ వచ్చాడు. పిల్లలు లెక్కల్లో గట్టెక్కారు. మరో ఏడాదికి ఆయన రిటైరయ్యాడు, ఆ చోటికీ ఒక అమ్మాయే వచ్చింది. ఫారంలో మగ టీచర్ల దగ్గర మళ్లీ సున్నా వేశాను. ఈసారి బడిలో అన్ని సబ్జెక్టులకూ టీచర్లున్నారు, అందరూ ఆడవాళ్లే.

రాసిన అంకె నిజమైతే చాలనుకునేవాణ్ని. ఇప్పుడు ఒక పేరు మార్చాల్సి వస్తే ముందు ఆ మనిషికి ఫోన్ చేస్తాను, ఎందుకు రాలేకపోతున్నారో అడుగుతాను. విన్నాక కూడా చాలాసార్లు ఆ పేరు మార్చక తప్పదు. కానీ మార్చబోతున్నానని వాళ్లకు నా నోటితోనే చెబుతాను.