తెల్ల దుప్పటి మీద అడుగులు

ఏలూరులో ఇప్పుడు ఏసీ మాల్ ఉన్న చోట, నా చిన్నప్పుడు రేకుల బజారు ఉండేది. అంతకుముందు అది ధాన్యం గోదాము అని నాన్న చెప్పేవాడు. ఎవరో ఆసామి దాన్ని గదులుగా విడగొట్టి బట్టల కొట్లకు అద్దెకిచ్చాడట. వానొచ్చినా ఎండ కాసినా ఒకే కప్పు కింద తిరగొచ్చని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా అక్కడికే వచ్చేవారు. తర్వాత రేకులు తీసి శ్లాబు వేశారు, పైన మేడ లేపారు, చివరికి అంతా పడగొట్టి ఈ అద్దాల భవనం కట్టారు. మొన్న మనవరాలితో అక్కడికి వెళ్ళి, ఒక చీర రంగు ఎండలో చూద్దామని గుమ్మం దాటబోతే గంట కుయ్యిమని మోగింది. సెక్యూరిటీ అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. దొంగతనం చేసే వయసా నాది? మనవరాలు సిగ్గుతో చచ్చిపోయింది గానీ, నాకు ఆ రేకుల బజారులో బట్టల కొట్టు నడిపిన సాయిబుగారు గుర్తొచ్చారు.

మాది కొల్లేటి లంక. నాన్న చేపలు పట్టేవాడు. అక్క పెళ్ళి నాలుగు రోజులుందనగా అమ్మా నాన్నా నేనూ పడవ దిగి, బస్సెక్కి, పెళ్ళిచీర కొనడానికి ఏలూరు వచ్చాం. కుంకుమరంగు చీర కావాలని అక్క మరీ మరీ చెప్పి పంపింది. అప్పుడే వాన వెలిసింది. బజారు వాకిట్లో పెద్ద బురదగుంట, దాన్ని దాటడానికి ఒక చెక్క వేసి ఉంది. చెక్క మీద నడవడం పెద్దవాళ్ళ పని అనుకుని నేను గుంటలోంచే వచ్చాను.

సాయిబుగారి కొట్లో పరుపుల మీద తెల్ల దుప్పటి పరిచి ఉండేది. గుమ్మంలో గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకుని ఎక్కాలి. అమ్మా నాన్నా తుడుచుకుంటున్నారు. ఈలోగా లోపల పరిచి ఉన్న ఎర్రచీర నా కంట పడింది. ఇంకేముంది, నాలుగంగల్లో దాని దగ్గరున్నాను. వెనక్కి చూస్తే నాలుగు నల్లటి అడుగులు.

అక్కడ బేరమాడుతున్న ఇద్దరు పట్నం ఆడవాళ్ళు కొంగులు దగ్గరకు లాక్కున్నారు. ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, “పిల్లని కాస్త చూసుకోవాలి కదండీ” అంది, మెత్తగానే. నాన్న భుజం మీది తువ్వాలు తీసి ఆ మరకలు తుడవబోయాడు. తుడిచేకొద్దీ అవి ఇంకా పరుచుకున్నాయి. నాన్న మొహం నేనెప్పుడూ అలా చూడలేదు. లేచి నిలబడి, అమ్మతో “పదవే, పోదాం” అన్నాడు. మా నాన్న పౌరుషం నాకు తెలుసు. ఆ గడప దాటితే ఇక ఏ కొట్టూ ఎక్కడు. అక్క చీర నా కాళ్ళ మూలంగా పోయిందని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

సాయిబుగారు మరకల వంకే చూడలేదు. ఎర్రచీర చేతిలోకి తీసుకుని లేచారు. “రంగు చూడకుండా వెళ్ళిపోతారేంటండీ. ఈ రేకుల కింద కుంకుమరంగూ వంకాయరంగూ ఒకలాగే ఉంటాయండీ. వెలుతుర్లోకి రండి, చూద్దాం” అంటూ బయటికి నడిచారు. అంత పెద్దాయన పిలిస్తే నాన్న కాదనలేకపోయాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళాను. ఎండలో చీర మడత విప్పారు. అచ్చం కుంకుమే.

తిరిగి వస్తున్నప్పుడు చూశాను. ఏళ్ళ తరబడి ఆ వాకిట్లో తిరిగిన మనిషి, చెక్కను పక్కన వదిలేసి, రెండు కాళ్ళూ తిన్నగా గుంటలో పెట్టారు. గోనెపట్టాను కూడా దాటేసి, దుప్పటి మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి తన చోట్లో కూర్చున్నారు. ఆయన అడుగుల ముందు నావి ఏపాటివి? “చూశారా, వయసు మీద పడిందండీ, నా కొట్టు నేనే పాడుచేసుకున్నాను. ఎలాగూ చాకలికి వెయ్యాల్సిందే, రండి, కూర్చోండి” అన్నారు. పట్నం ఆవిడ నవ్వేసి కాస్త పక్కకు జరిగింది. నాన్న కూర్చున్నాడు. అక్క ఆ చీర కట్టుకునే పెళ్ళిపీటల మీద కూర్చుంది.

ఆ సంగతి చాలా ఏళ్ళు నా ఒక్కదానికే తెలుసని గర్వపడేదాన్ని. నాన్న మంచాన పడ్డాక ఒకరోజు పక్కన కూర్చుని చెప్పాను, సాయిబుగారు ఆ రోజు కావాలనే గుంటలో దిగారని.

“వెనకాలే ఉన్నాను కదమ్మా, చూడకేం” అన్నాడు నాన్న.

మరి ఎన్నడూ అనలేదేమని అడిగితే, “అంటే ఆయన పడ్డ పాటంతా వృథా అయిపోదూ” అన్నాడు.

మేలు చేసేవాళ్ళు చేసినట్టు తెలియనివ్వకూడదని సాయిబుగారి దగ్గర నేర్చుకున్నాను. అది నేనూ ఎంతో కొంత ఆచరించాను. తెలిసినా తెలియనట్టు దాన్ని పుచ్చుకోవడం మాత్రం నాన్న దగ్గర నేర్చుకోవలసి వచ్చింది, అదే కష్టం. ఈమధ్య నా చెయ్యి వణుకుతోంది. పొద్దున్న కాఫీ ఒలికిపోతే మా కోడలు గుడ్డతో తుడుస్తూ, “నాదే తప్పండీ అత్తయ్యగారూ, గ్లాసు మరీ నిండా పోసేశాను” అంటుంది. గ్లాసులో సగమే పోసిందని మా ఇద్దరికీ తెలుసు.

“అవునమ్మా, రేపట్నుంచి కాస్త చూసి పొయ్యి” అంటాను.