రెండు బండ్లు అడిగిన సంవత్సరం

అమీర్‌పేటలో మా నాన్న బట్టల దుకాణం ఉన్న సందులోనే కార్లకు సీటు కవర్లు కుట్టే షాపు ఒకటుంది. మొన్న మధ్యాహ్నం అటుగా వెళ్తుంటే ఎండకు కాగిన రెగ్జిన్ వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా కొత్త కారు గుర్తుకు రావాలి. నాకు అంబులెన్స్‌లోని స్ట్రెచర్ గుర్తొస్తుంది, ఆ వెంటనే యాదగిరి సార్.

ఆయన పల్లెల్లో అంబులెన్స్ డ్రైవరుగా మొదలుపెట్టి, ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో ఆ బండ్లు నడిపే మా సంస్థకు పెద్ద అయ్యారు. పంజగుట్ట ఆఫీసులో ఆయన కింద నేను ఎస్టిమేట్లు రాసేదాన్ని. ఏ మండలానికి ఎన్ని బండ్లు, ఎంత డీజిలు, ఎన్ని టైర్లు అన్నీ అందులో ఉంటాయి. బడ్జెట్‌కు ముందు ఆ కాగితాలు ఖైరతాబాద్‌లో ఒక ఆఫీసరు బల్ల మీదికి పోతాయి. ఆయన కొట్టేయగా మిగిలిందే పల్లెలకు చేరుతుంది. ఉద్యోగంలో చేరిన రోజే నేను జీతం మీద బేరం పెట్టాను. సార్ కళ్లజోడు పైకి నెట్టుకుని, "మీ నాయిన ఏం చేస్తడమ్మా?" అని అడిగారు. బట్టల దుకాణమన్నాను. "గట్ల చెప్పు. సేటమ్మవన్నమాట!" అన్నారు. ఆ పేరే ఖాయమైంది.

నా బేరాల సంగతి దాచుకోవలసిందేమీ లేదు. బల్కంపేట గుడి ముందు పూలమ్మే ఆమె నన్ను దూరం నుంచి చూడగానే మూర ధర పెంచేస్తుంది. నేను సగానికి అడుగుతాను. పావుగంట ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకుని, చివరికి అందరూ కొనే ధరకే కొని, గెలిచానని ఇంటికి వస్తాను.

ఆఫీసులో సార్ పెట్టిన నియమం ఒకటుండేది. ఎస్టిమేట్ రాసేవాళ్లు ఏడాదికోసారి ఏదో ఒక మండలానికి వెళ్లి, అంబులెన్స్‌లో స్ట్రెచర్ మీద పడుకుని ఆస్పత్రి దాకా ప్రయాణం చేయాలి. మొదటి ఏడు నాకు నడుం నొప్పి వచ్చింది. రెండో ఏడు మా ఇంట్లో పెళ్లి వచ్చింది. రెండూ నేను రప్పించుకున్నవే.

ఆ రెండో ఏడే, సార్ జిల్లాల్లో తిరుగుతున్నప్పుడు, నా దుకాణం బుద్ధి ఎస్టిమేట్‌లోకి వెళ్లింది. అడవి అంచున ఉన్న ఒక మండలంలో ఒకే బండి ఉండేది. నేను రెండు కావాలని రాసి పంపాను. అడిగినదానిలో ఎలాగూ సగం కోస్తారు, ఒకటి నిలుస్తుందని నా లెక్క. చీర మీద ధర చీటీ రాసేటప్పుడు నాన్న చేసే పనే అది. కానీ ఆ ఆఫీసరు చీర కొనడానికి రాలేదు. రికార్డు తెప్పించి చూశాడు. అంబులెన్స్ కోసం ఫోన్లు తక్కువ వచ్చే చోటికి రెండు బండ్లేమిటని అనుమానపడి, ఉన్న ఒక్కటీ ఎత్తేసి, టౌన్ బండితో సరిపెట్టుకోమని రాశాడు.

ఆ కాగితం సార్ రెండుసార్లు చదివారు. "ఏంది సేటమ్మా గిది?"

"రెండడిగితే ఒకటిస్తారు సార్. ఒకటే అడిగితే..."

"ఒకటే అడిగితే? సగం బండి ఇస్తరా?"

నవ్వలేదు, తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను ఆ మండలానికి తీసుకెళ్లి, స్ట్రెచర్ మీద పడుకోమని, తాను పక్కన కూర్చున్నారు. అంతదాకా ఎండలో నిలిచిన బండి, రెగ్జిన్ వీపుకు అంటుకుంటోంది. గుంత వచ్చినప్పుడల్లా తల పక్కన ఆక్సిజన్ సిలిండర్ టంగుమంటోంది. పడుకున్నవాళ్లకు రోడ్డు కనబడదు, కప్పు మాత్రమే కనబడుతుంది. ఎంత దూరం వచ్చామో తెలియదు.

"వచ్చేసిందా సార్?"

"సగం సుత కాలే."

"కాసేపు లేచి కూర్చుంటా సార్."

"పేషెంటు లేస్తడా? పండుకో." మళ్లీ ఆయనే అన్నారు: "ఈ బండి తీసేస్తె, టౌన్ బండి ముందుగాల గింత దూరం రావాలె. వచ్చినంక మల్ల గింత దూరం పోవాలె. పురిటి నొప్పులు జర ఆగుమంటె ఆగుతయా?"

దానికి బేరం లేదు.

ఆ వారమే ఖైరతాబాద్ వెళ్లాం. సార్ మాట్లాడతారు, నేను ఫైలు పట్టుకుంటాను అనుకున్నాను. లోపలికి వెళ్లగానే ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, "మా అమ్మాయి చెప్తది సార్" అన్నారు. ఫైలు బల్ల మీద పెట్టి చెప్పాను. "రెండు కావాలన్నది అబద్ధం సార్. ఒకటి దక్కాలని పెంచి రాశాను. ఆ ఒక్కటి మాత్రం నిజంగా కావాలి."

ఆఫీసరు కలం మూత తీశాడు. "ఇంకా ఎక్కడెక్కడ పెంచారమ్మా?"

టైర్లు, డీజిలు, దుప్పట్లు ఒక్కొక్కటీ చెప్పాను. ఆయన ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ పోయాడు. అంతా అయ్యాక, ఆ మండలం బండి ఆరు నెలలు ఉంచుదాం, తర్వాత చూద్దాం అన్నాడు. నేను సార్ వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "ఆరు నెలలకు ఒప్పుకోను సార్. ఏడాదంతా ఉండాలి. ఇందులో పెంచింది ఏమీ లేదు, తగ్గించడానికీ ఏమీ లేదు" అన్నాను. ఆఫీసరు నా ముఖం చూసి, సంతకం పెట్టాడు.

మెట్లు దిగుతూ సార్ అన్నారు: "బేరం మానమని ఎవ్వలన్నరు? అసలు రేటు చెప్పినంక ఆడు. అప్పుడు గట్టిగ ఆడొచ్చు."

యాదగిరి సార్ పోయి మూడేళ్లయింది. ఆ మండలంలో బండి ఇంకా తిరుగుతూనే ఉంది. ఎస్టిమేట్లు ఇప్పుడు నా సంతకంతో వెళ్తాయి. ఈ ఏడు కూడా కొత్త ఆఫీసరు ఫోన్ చేసి, "ఎంతవరకు తగ్గగలరు మేడం?" అని అడిగాడు. "తగ్గేది లేదు సార్" అన్నాను. ఆ తర్వాత ఇంకో మాట కలపమని, పోనీ కొంచెం సర్దుకుందామని అనమని నాలుక తెగ దురద పెట్టింది. నోరు మూసుకుని కూర్చున్నాను. అవతల ఆయన నా లెక్కలు సరిచూస్తూ కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.